రాజమండ్రి మెయిన్ రోడ్డు రాత్రులు: కోటగుమ్మం నుంచి తాడితోట దాకా

ప్రశ్న అడిగిన అబ్బాయి హైదరాబాదులో ఉంటాడట. "మా రోజుల్లో రాజమండ్రి మెయిన్ రోడ్డు రాత్రి పన్నెండింటికి కూడా తిరనాళ్ళలా ఉండేదిరా" అని వాళ్ళ తాతగారు అంటుంటారట. మొన్న ఈ అబ్బాయి వచ్చి చూస్తే తొమ్మిదిన్నరకే సగం కొట్లు షట్టర్లు దించేసి ఉన్నాయట. తాతగారు చెప్పింది నిజమేనా, అసలు ఆ బజారు ఎలా పుట్టింది, బట్టల వ్యాపారం అదే ఊళ్ళోని తాడితోటకి ఎందుకు పోయింది అని అడుగుతున్నాడు.

నేను 1968లో, పదహారేళ్ళ వయసులో, మెయిన్ రోడ్డులో ఒక జవుళి కొట్లో గుమస్తాగా చేరాను. ఆ తర్వాత తాడితోట. మొత్తం నలభై ఆరేళ్ళు తానులు విప్పడం, మళ్ళీ చుట్టడం, ఇదే పని. 2015 పుష్కరాలకు ముందు ఏడాది మోకాళ్ళ నొప్పులతో మానేశాను. కాబట్టి పుస్తకాల్లో చదివింది తక్కువ, కొట్టు గుమ్మంలోంచి చూసింది ఎక్కువ. తాతగారు చెప్పింది నిజమే బాబూ. కాస్త తాలింపు వేసుంటారు, అంతే.

ముందుగా మెయిన్ రోడ్డు ఎక్కడ మొదలవుతుందో చూడు. కోటగుమ్మం దగ్గర. పేరులోనే ఉంది, పాత కోట వాకిలి. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ఒక పక్క పుష్కరాల రేవు, ఇంకో పక్క గోదావరి స్టేషను. ఊరేమో రాజరాజనరేంద్రుడి నాటిది, వెయ్యేళ్ళ ముచ్చట. ఈ బజారు మాత్రం రేవు వల్ల వచ్చింది. నది దాటాల్సినవాడూ, దాటి వచ్చినవాడూ ఇక్కడ ఆగక తప్పేది కాదు. ఆగినవాడికి ఆకలేస్తుంది, పొద్దుపోదు, చేతిలో నాలుగు డబ్బులుంటే ఏదో ఒకటి కొంటాడు. రాజమండ్రి రాత్రి బజారు పుట్టుక ఇంతే. ఊళ్ళోవాళ్ళ కోసం కొట్లు అంత రాత్రి దాకా తెరిచి ఉంచలేదు. పడవ కోసమో బండి కోసమో కాచుకున్న పైఊరి వాళ్ళ కోసం ఉంచారు.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశాడు. మనం ఆయన్ని నీళ్ళ కోసం తలుచుకుంటాం, న్యాయమే. కానీ మా వ్యాపారస్తుల లెక్కలో ఆయన తవ్వించిన కాలవలు రోడ్లు కూడా. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా కాలవలో పడవలు నడిచేవి. సాయంత్రం పడవెక్కి చాప పరుచుకుని పడుకుంటే, గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే, తెల్లారేసరికి ఊరు చేరేవారని మా ముసలి గుమస్తా చెప్పేవాడు. వరి పండింది, పడవలు తిరిగాయి, రైతు చేతిలో డబ్బు ఆడింది. బట్ట ఈ డెల్టాకి కొత్తేమీ కాదు. నర్సాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ళు కొన్న తెల్ల బట్టకి ఆ ఊరి పేరే పెట్టి 'మడపొల్లం' అని ప్రపంచమంతా అమ్మారు. కొనడానికి డబ్బులున్న రైతు అన్నవాడు మాత్రం కాలవల తర్వాతే తయారయ్యాడు.

తర్వాత రైలు. బెజవాడ వైపు నుంచి వచ్చిన పట్టాలు కొవ్వూరు దగ్గర ఆగిపోయేవి. అక్కడ దిగి, పడవలో గోదావరి దాటి, ఇటు పక్క మళ్ళీ బండి ఎక్కాలి. 1897లో వంతెన పని మొదలై 1900లో దాని మీద రైళ్ళు నడిచాయి. అదే ఇప్పుడు ఖాళీగా నిలబడి ఉన్న హేవలాక్ వంతెన. రైలుకి దారి దొరికింది గానీ రోడ్డుకి దొరకలేదు. రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య రోడ్డు వంతెన 1974లో గానీ రాలేదు. అప్పటిదాకా అవతలి గట్టు పల్లెటూరి వాళ్ళకి లాంచీ, లేకపోతే పాసింజరు బండి. ఈ సంగతి మనసులో పెట్టుకో, తాడితోట కథంతా దీనిలోనే ఉంది.

రాత్రుల సంగతికి వస్తాను. మా తాతల కాలంలో కలవాళ్ళ రాత్రి అంటే మేజువాణీ, భోగం మేళం, అంటే భోగంవాళ్ళ ఆటపాటల కచేరీ. పెళ్ళయినా, పేరంటమైనా, అధికారి వచ్చినా మేళం ఉండాల్సిందే. కందుకూరి వీరేశలింగం గారు ఈ ఊళ్ళోనే కూర్చుని దాని మీద దుమ్మెత్తిపోశారు. ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలు ఇప్పటికీ ఉంది. ఉపన్యాసాలకి జనం కూడటం అనేది అక్కడ అలవాటైంది. అదే కాలంలో నాటకాల పిచ్చి పట్టింది ఊరికి. చిలకమర్తి వారు నాటకాలు రాసేవారు, కుర్రవాళ్ళు వేసేవారు. వాళ్ళలో ఆడవేషం కట్టిన ఒక కుర్రాడు తర్వాత ఈ ఊరికి మునిసిపల్ చైర్మన్ అయి, ఇంకా తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. టంగుటూరి ప్రకాశం పంతులు గారే. రాత్రి రంగు పూసుకున్నవాడు పొద్దున్న కోర్టు కచేరీకి వెళ్ళడం ఈ ఊళ్ళో వింత కాదు.

1936లో నిడమర్తి సూరయ్య గారు ఇక్కడ దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు. ఆంధ్ర గడ్డ మీద మొదటి స్టూడియో అది. నిలవలేదు, సినిమా తీయడం మద్రాసుకే పోయింది. మనకి చూడటం మిగిలింది. అది మాత్రం గట్టిగా మిగిలింది. నేను కొట్లో చేరేనాటికి రాత్రి రెండో ఆట సినిమా వదిలితే మెయిన్ రోడ్డు మళ్ళీ సాయంత్రంలా అయిపోయేది. కాకినాడ వాళ్ళ దగ్గర ఈ మాట అనకు, కొట్లాటకొస్తారు. వాళ్ళకి ఏకంగా సినిమా రోడ్డు అని రోడ్డే ఉంది మరి.

నల్లమందు సందు అని మెయిన్ రోడ్డుకి ఆనుకుని ఒక సందు ఉంది, నువ్వు ఆ పక్క నుంచి వెళ్ళే ఉంటావు. పేరు చూసి నవ్వుకుంటారు కుర్రాళ్ళు. తెల్లవాళ్ళ కాలంలో నల్లమందు లైసెన్సు కొట్లలో తూచి అమ్మేవారు, ముసలాళ్ళు మిరియపు గింజంత వేసుకునేవారు. ఇప్పుడు ఆ సందులో మందు లేదు, పేరుంది.

ఇక సారా, బ్రాందీల విషయం. మద్రాసు రాష్ట్రంలో 1948కల్లా అన్ని జిల్లాల్లోనూ నిషేధం వచ్చేసింది. అప్పుడు డెల్టాలో రాత్రి అనేది ఒక్క చోటే వెలిగింది: యానాం. ఫ్రెంచివాళ్ళ ఊరు కదా, మన చట్టాలు అక్కడ చెల్లవు. అంతకు ముందు నుంచే అక్కడ మంగళవారం సంతకి మనవాళ్ళు విదేశీ సరుకు కోసం ఎగబడేవారు. బాల్యవివాహాలు ఆపే శారదా చట్టం వచ్చాక చిన్న పిల్లల పెళ్ళిళ్ళు కూడా అక్కడికే తీసుకెళ్ళి చేసేవారు. బట్టలు రాజమండ్రిలో, తాళి యానాంలో అని మా ముసలి గుమస్తా మూతి తిప్పేవాడు. 1954 నవంబరు ఒకటో తారీఖున యానాం పాలన అధికారికంగా మన చేతికొచ్చింది. అదే నెలలో ప్రకాశం గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీదే పడిపోయింది. ఎన్టీఆర్ గారు 1995లో మళ్ళీ నిషేధం పెట్టినప్పుడూ అంతే, సాయంత్రమైతే యానాం బస్సులు కిటకిట. 1997లో నిషేధం సడలించాక ఆ రద్దీ తగ్గింది. అందుకే అంటాను, రాజమండ్రి రాత్రి ఎప్పుడూ తాగుడు రాత్రి కాదు. ఇక్కడ నాటకం, సినిమా, తిండి, బేరం. హైదరాబాదు పబ్బులు మనసులో పెట్టుకుని వెతికితే నీకేమీ కనబడదు.

మా కొట్టు చెబుతాను. అప్పట్లో బల్లలూ కౌంటర్లూ లేవు. చెప్పులు గుమ్మం బయట విడిచి పైకెక్కితే, మందపాటి పరుపు, దాని మీద తెల్లదుప్పటి. ఇటు మేము, అటు బేరం వాళ్ళు. మూల గల్లాపెట్టె దగ్గర షావుకారు గారు, ఆయన వెనక గోడకి లక్ష్మీదేవి పటం, దాని పక్కన రైళ్ళ టైములు రాసిన అట్ట. నవ్వకు, ఆ అట్ట మా కొట్టుకి లక్ష్మీదేవి పటమంత ముఖ్యం. ఏ బండి ఎన్నింటికో, ఏది ఎంత ఆలస్యమో షావుకారు గారికి స్టేషను మాస్టరు కంటే బాగా తెలుసు. "అత్తయ్యగారూ, మీ బండి రెండు గంటలు లేటు. కూర్చోండి, ఇంకో నాలుగు చూపిస్తాడు" అనేవారు. నేను ఇంకో నలభై చూపించేవాణ్ణి.

ధరల చీటీ సంగతి కూడా చెప్పాలి. ప్రతి కొట్టుకీ పదక్షరాల మాట ఒకటి ఉంటుంది. ఏ అక్షరమూ రెండోసారి రాకూడదు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా పదోది సున్నా. చీర కొసకి కుట్టిన చీటీ మీద అసలు ధర ఆ అక్షరాల్లో రాసి ఉంటుంది. బేరం ఆడేవాళ్ళకి అది పిచ్చిగీత, మాకు ఎంతవరకు దిగొచ్చో చెప్పే గీత. కొత్తగా చేరినవాడికి ఆరు నెలల దాకా ఆ మాట చెప్పరు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. అక్కడ మానేసి ఎన్నేళ్ళయినా ఆ మాట ఇక్కడ రాయను, ఆ ఇంటి మనవలు ఇంకా వ్యాపారంలో ఉన్నారు. దశాంశ కొలతలు అప్పటికే వచ్చేశాయి గానీ ముసలమ్మలు మీటరంటే ఒప్పుకునేవారు కాదు. "గజంలో చెప్పు నాయనా" అనేవారు. మీటరు కర్ర చేతిలో పట్టుకుని గజాల్లో నోటిలెక్క చెప్పడం నా మొదటి చదువు.

రాత్రి ఎంత పొడుగో పంటని బట్టి ఉండేది. సంక్రాంతికి సార్వా (వానాకాలం పంట) డబ్బులు, ఎండల్లో దాళ్వా (రెండో పంట) డబ్బులు, వాటి వెనకే పెళ్ళి ముహూర్తాలు. ఆ రోజుల్లో రాత్రి ఒంటిగంట దాకా కొట్టు కట్టేయడం కుదిరేది కాదు. ఒకసారి పోలవరం వైపు నుంచి ఒక పెళ్ళివారు వచ్చారు, పదిహేను మంది. మధ్యాహ్నం లాంచీ దిగి మొదలెట్టి రాత్రి పదకొండు దాకా కొన్నారు. పెళ్ళికూతురి చీర, మేనమామ పెట్టే చీరలు, అప్పగింతల బట్టలు, చాకలికీ మంగలికీ పంచెల చాపులు, అన్నీ ఒకే చోట. మధ్యలో కొట్లోనే అందరికీ పెసరట్టు ఉప్మా తెప్పించాం. తర్వాత మగాళ్ళు రెండో ఆట సినిమాకి వెళ్ళారు. ఆడవాళ్ళూ పిల్లలూ మా పరుపుల మీదే మూటలు తలకింద పెట్టుకుని నడుం వాల్చారు. తెల్లవారుజామున లాంచీకి రేవు దాకా మూటలు మోసింది నేనే. నాకు అర్ధరూపాయి ఇచ్చింది పెళ్ళికూతురు నాయనమ్మ. మీ తాతగారు చూసిన తిరనాళ్ళు అదే.

ఒక మాట మాత్రం దాచకూడదు. ఆ రాత్రి మగాళ్ళ రాత్రి. ఆడవాళ్ళు రోడ్డు మీద కనబడితే పెళ్ళి బేరానికో, కుటుంబంతో సినిమాకో, గుడికో. ఒక్కతే వచ్చి టీ తాగి వెళ్ళిన ఆడమనిషిని మెయిన్ రోడ్డులో రాత్రి పదింటికి నేను చూసిన గుర్తు లేదు. ఇప్పుడు నర్సింగు పిల్లలూ, కాలేజీ పిల్లలూ గుంపుగా వచ్చి ఐస్‌క్రీం తిని నవ్వుకుంటూ పోతున్నారు. ఆ ఒక్క విషయంలో పాత రోజులే బాగున్నాయంటే నేను ఒప్పుకోను.

తిండి గురించి రెండు ముక్కలు. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ 1950 నుంచీ ఉంది, మాకు జీతాల రోజున అదే పండగ. కోవా వేసిన చిక్కటి పాలు, గ్లాసు చేతిలో పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోవాలి. రాత్రి పూట స్టేషను దగ్గర పుణుగులు, ఇడ్లీ బళ్ళు. పేపరు మిల్లు షిఫ్టు వదిలినవాళ్ళు సైకిళ్ళు ఆనించి అక్కడే తినేవారు.

దసరాకి దేవీచౌక్. ఇది వేరే లెవెలు. తొమ్మిది రాత్రులూ రోడ్డు మీదే వేదిక, తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు. కొట్లు కట్టేసి మేమందరం గోనె పట్టాలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యానికి వన్స్‌మోర్ కొట్టి కొట్టి ఆ నటుడి గొంతు పోయేదాకా వదిలేవారు కాదు. పుష్కరాలు వస్తే పన్నెండు రోజులూ ఊరికి రాత్రే ఉండేది కాదు. 1979లో మూడు రాత్రులు వరసగా గల్లాపెట్టె దగ్గరే కునికాను. చవక తువ్వాళ్ళు, జాకెట్టు ముక్కలు, పసుపు గుడ్డ. అమ్మిందంతా అదే, పట్టుచీర ఒక్కటి కదలలేదు.

ఇప్పుడు తాడితోట. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన తెరిచారు. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడుగు, పైన బస్సులు, కింద రైళ్ళు. ఊరంతా వెళ్ళి చూసొచ్చాం, షావుకారు గారు కూడా రిక్షాలో వెళ్ళారు. వచ్చాక పరుపు మీద కూర్చుని "ఇక మన కొట్లో ఎవరూ పడుకోరురా" అన్నారు. నాకప్పుడు అర్థం కాలేదు. రెండేళ్ళలో అర్థమైంది. కొవ్వూరు, నిడదవోలు వాళ్ళు పొద్దున్న బస్సెక్కి వచ్చి, కొనుక్కుని, చీకటి పడేలోపు ఇంటికి పోతున్నారు. లాంచీ కోసం కాచుకునేవాడు లేడు. కాచుకునేవాడు లేకపోతే పదకొండింటికి పెసరట్లు ఎవరికి వేస్తారు? రాత్రి అంచులు ఒక్కొక్కటే తెగిపోయాయి. ముందు రెండు హోటళ్ళు, తర్వాత మేము.

రెండోది సరుకు రావడం. అదివరకు బొంబాయి, అహ్మదాబాదు బేళ్ళు రైలు గూడ్సులో దిగి, రెండెడ్ల బళ్ళ మీద మెయిన్ రోడ్డుకి వచ్చేవి. వంతెన తర్వాత, సూరత్ బట్ట ముంచెత్తాక, లారీలే లారీలు. మెయిన్ రోడ్డులో లారీ తిరగదు. గుండువారి వీధి లాంటి పక్క వీధుల్లో అసలు దూరదు. పగలు లారీలు రానివ్వరు, రాత్రి దింపుకోవాలంటే హమాలీలు రెట్టింపు అడుగుతారు. గొడౌను చూద్దామంటే గజం చోటు బంగారం ధర. హోల్‌సేల్ వాళ్ళకి మెరిసే గుమ్మం అక్కర్లేదు కదా, లారీ వెనక్కి ఆనే చోటు కావాలి. తాడితోటలో ఆ చోటు దొరికింది. వర్తకులంతా కలిసి మహాత్మా గాంధీ హోల్‌సేల్ క్లాత్ కాంప్లెక్స్ కట్టుకుని వరసగా కొట్లు పెట్టుకున్నారు. మా షావుకారు గారి రెండో అబ్బాయి అక్కడ కొట్టు తీసి నన్ను తీసుకెళ్ళాడు. పెద్దబ్బాయి మెయిన్ రోడ్డులోనే చిల్లర వ్యాపారంలో ఉండిపోయాడు. ఒకే ఇంట్లో రెండు బజార్లు.

తాడితోటకి వచ్చేవాడు బేరగాడు కాదు, వ్యాపారి. అమలాపురం, రావులపాలెం, రంపచోడవరం నుంచి పల్లెల్లో కొట్లున్నవాళ్ళు, మూటతో ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు, టైలర్లు. పొద్దున్న వస్తారు, లెక్క చూసుకుంటారు, పార్సిలు కట్టించి బస్సు మీద వేయించుకుని పోతారు. వాళ్ళకి కబుర్లు అక్కర్లేదు, అరువు కావాలి. సాయంత్రం ఏడైతే అక్కడ కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. మెయిన్ రోడ్డు నుంచి వెళ్ళిన నాకు మొదటి నెల ఆ నిశ్శబ్దానికి పిచ్చెక్కినట్టయింది. ఏడున్నరకే ఇంటికి వస్తే "ఒంట్లో బాలేదా?" అని అడిగింది మా ఆవిడ.

అరువు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. 1996 నవంబరులో కోనసీమ తుపాను వచ్చింది. కొబ్బరి చెట్లు నేలమట్టం, వందలమంది పోయారు. బాకీలు రాసుకునే మా ఆవర్జా పుస్తకంలో అమలాపురం వైపు పేర్లు రెండు పేజీలు. ఆ ఏడు ఒక్కరూ కట్టలేదు. అడగడానికి వెళ్ళినవాణ్ణి నేనే. ఒక కొట్టు కప్పు లేకుండా ఉంది, అతను తడిసిన తానులు ఎండలో ఆరేసుకుంటున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు. బాకీ మాట ఎత్తకుండా కొబ్బరినీళ్ళు తాగి వచ్చేశాను. అతనూ మూడేళ్ళకి పైసాతో సహా కట్టేశాడు.

మెయిన్ రోడ్డు చల్లబడటానికి ఇంకా చిన్న కారణాలున్నాయి. పెద్ద షోరూములు దానవాయిపేట, ఏవీ అప్పారావు రోడ్డు వైపు పోయాయి, కార్లు పెట్టుకునే చోటు అక్కడుంది. టీవీ వచ్చాక రెండో ఆట పలచబడింది. ఇప్పుడు ఫోన్లో చీర కొంటున్నారు, మా కోడలితో సహా. అయితే మొత్తం ఆరిపోయిందని అనుకోకు. శ్యామలా సెంటర్ దగ్గర రాత్రి పదకొండింటికి కూడా బళ్ళు ఉంటాయి. శుక్రవారం సాయంత్రం, అందులోనూ శ్రావణమాసంలో, మెయిన్ రోడ్డులో స్కూటరు తోసుకుంటూ పోవాల్సిందే.

నీకు చూడాలనుంటే ఊరికే ఏదో ఒక రాత్రి వచ్చి పెదవి విరవకు. దసరాకి సెలవు పెట్టుకుని రా. తాతగారికి ఓపికుంటే తీసుకురా. తొమ్మిదింటికి కోటగుమ్మంలో రోజ్ మిల్క్ తాగి, మెయిన్ రోడ్డు వెంట నడుచుకుంటూ దేవీచౌక్ వెళ్ళండి. తాతగారి కోసం మడతకుర్చీ ఒకటి పట్టుకెళ్ళండి, పట్టా మీద కూర్చుంటే మళ్ళీ లేవలేరు. నాటకం పదిన్నర దాటితే గానీ అందుకోదు. బట్టలు కూడా కొనేదుంటే, పెళ్ళికూతురి చీరలకి మెయిన్ రోడ్డు, పెట్టుపోతల బట్టలూ తువ్వాళ్ళూ డజన్లలెక్కన అయితే తాడితోట. తాడితోటకి మాత్రం పొద్దున్న పదకొండు లోపే వెళ్ళు, ఆ తర్వాత పార్సిళ్ళ గొడవలో నీకు తాను విప్పి చూపించే తీరిక ఎవరికీ ఉండదు.